రంగు చేతుల ఓటు

ఈ మధ్య మా వీధిలో కిరాయికి ఉంటున్న ఇద్దరు కొత్త టీచర్లు నా దగ్గరికి వచ్చారు. ఎలక్షన్ డ్యూటీ పడిందట, ఎట్లా తప్పించుకోవాలో చెప్పమన్నారు. ముప్పై ఏళ్లకు పైగా మాస్టరీ చేసినవాణ్ని కాబట్టి ఏదో ఒక దారి తెలిసే ఉంటుందని వాళ్ల ఆశ. ఆ దారులన్నీ నేనూ వెతికినవాణ్నే. మొట్టమొదటి ఆర్డరు వచ్చినప్పుడు కడుపునొప్పి అని దవాఖాన చీటీ పట్టుకుని తహసీలు కచేరీకి పోతే, అక్కడి పెద్ద గుమాస్తా దాన్ని చదవకుండానే ఒక కట్టలో పెట్టాడు. ఆ కట్ట నిండా కడుపునొప్పులే. ఆ పిల్లలకు టీ ఇచ్చి పంపించాను గాని, చెప్పవలసింది చెప్పలేకపోయాను. అది ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. నల్లగొండ జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ని. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో డబ్బా పెట్టే పాత పద్ధతి పోయి, కాగితం మీద ముద్ర గుద్దే పద్ధతి మా వైపు అప్పుడే వచ్చింది. నన్ను ఒక పల్లెకు ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. అంటే ఆ ఊళ్లో ఆ ఒక్క రోజు ఏం జరిగినా నాదే పూచీ. అంతకుముందు ఎన్నికల్లో మా స్కూలు డ్రిల్లు మాస్టరు ఒక డబ్బాకు లక్క సీలు సరిగా వేయలేదని సస్పెండయ్యాడు. ఆ తర్వాత నెలల తరబడి ఆయన రోజూ స్కూలుకు వచ్చి, పని లేక స్టాఫ్ రూం మెట్ల మీద కూర్చుని పోయేవాడు. ఆ మెట్లు దాటినప్పుడల్లా నేను తల దించుకుని పోయేవాణ్ని.

శిక్షణలో తహసీల్దారు ఒకే మాట మూడుసార్లు చెప్పాడు. ఓటరు రాగానే ఎడమ చేతి చూపుడువేలు చూడాలి. దాని మీద అప్పటికే సిరా మచ్చ ఉంటే కాగితం ఇవ్వకూడదు. మచ్చను చెరిపేసుకోవాలని ఏమైనా చేసి వచ్చిన మనిషికీ ఇవ్వకూడదు. మచ్చ లేకపోతే మనం పెట్టాలి, కాగితాలు ఇవ్వాలి. నేను ఆ రూల్సు పుస్తకాన్ని ఎక్కాల మాదిరి కంఠస్థం చేశాను. ఏ పేజీలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. నిద్ర పట్టడం లేదు కాబట్టి ఆ అవసరమూ రాలేదు.

చిట్యాలలో బస్సు దిగి ఎడ్లబండి మీద చాలా దూరం పోతే ఆ ఊరు. ఊరికి రెండు ముక్కలు. ఒక వైపు కోటలాంటి దొర గడి, దాని చుట్టూ గడి పొలాలు చేసుకు బతికేవాళ్లు. రెండో వైపు సాలెవాడ, నూలుకు ఎరుపు, నలుపు రంగులద్ది మగ్గాల మీద రుమాళ్లు నేసేవాళ్లు. ఎవరు ఏ గుర్తుకు ఓటు వేస్తారో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగనక్కర్లేదు, మనిషి ఏ వీధిలో నుంచి నడిచి వస్తున్నాడో చూస్తే చాలు. గడి వైపు ఒక గుర్తు, సాలెవాడ వైపు ఇంకో గుర్తు. అవేమిటో చెప్పను. రిటైరై ఇన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు.

పోలింగుకు ముందు రోజు సాయంత్రం బడిలో సామాను దించుకున్నామో లేదో, గడి నుంచి భోజనం వచ్చింది. నాతో పాటు వచ్చిన పంచాయతీ సమితి ఆఫీసు గుమాస్తా రెండు ఎన్నికలు చూసినవాడు, జర్దా పాన్ నమిలే మనిషి. ఆ గిన్నెల వంక చూసి, "తినకపోతే దొరకు కోపం, తింటే సాలెవాడకు అనుమానం. ఆకలి మాత్రం ఏ పార్టీదీ కాదు సార్" అన్నాడు. తిన్నాం. తింటుంటే బడి గోడ మీదుగా ఇద్దరు ముగ్గురు తొంగి చూసి పోవడం నేను గమనించాను. అయినా తినడం ఆపలేదు.

తెల్లారి బడి తలుపు తీసేసరికి సాలెవాడ మొత్తం వరుసలో ఉంది. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క. ఇంత పొద్దున్నే ఎందుకని గుమాస్తా అడిగితే, నూలు నానబెట్టి ఉందని, తొందరగా ఓటేసి రంగు కాగుల దగ్గరికి పోవాలని చెప్పారు. అందరి కంటే ముందు ఒక ముసలాయన నిలబడ్డాడు. ఉతికిన ధోవతి, కొత్త కండువా, నూనె రాసి దువ్విన తల. చేతులు మాత్రం మణికట్టు దాకా నల్లగా ఉన్నాయి. గుర్రాల పాత లాడాలు, తుప్పు మేకులు బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానేసి వాళ్లు నల్లరంగు చేస్తారు. అందులో ఏళ్ల తరబడి ముంచిన చేతులవి.

ఆయన ఎడమ చేయి నా ముందు పెట్టాడు. గదిలో ఇద్దరు ఏజెంట్లు ఉన్నారు. సాలెవాడ తరఫున ఒక దర్జీ, గడి తరఫున దొర వ్యవహారాలు చూసే పెద్దమనిషి. ఈ పెద్దమనిషి ఎప్పుడూ నవ్వు మొహంతోనే ఉంటాడు. రూల్సు పుస్తకం తనదొకటి సంచిలో తెచ్చుకున్నాడు.

"సార్, వేలు జర మంచిగ చూడుండ్రి" అన్నాడు ఈ గడి ఏజెంటు. "నల్లగ లేదా?"

"రంగు సార్ అది. పదివేళ్లూ అట్లాగే ఉన్నాయి కదా" అన్నాడు మా గుమాస్తా.

"రంగో, సిరానో ఎవలు చెప్తరు? పక్క ఊళ్లె ఓటేసి రాలేదని ఎవలకు ఎరుక? గిది రంగే అని సార్ రాసిస్తరా? రాసిస్తె నాకేం లేదు."

రాసిస్తరా అన్న మాట వినగానే నాకు మెట్ల మీద కూర్చున్న డ్రిల్లు మాస్టరు కనబడ్డాడు. అది రంగని నాకు తెలుసు. గదిలో ప్రతివాడికీ తెలుసు, అడిగినవాడికి అందరికంటే బాగా తెలుసు. అయినా నా నోట్లో నుంచి వచ్చిన మాట వేరు.

"తాతా, చేతులు కడుక్కుని రా" అన్నాను.

ముసలాయన నా వంక వింతగా చూశాడు. "కడిగితె పోదు సారూ. పోయేదైతె మా రుమాళ్లు ఎవలు కొంటరు?"

వరుసలో వెనక కొందరు నవ్వారు. నేను నవ్వి ఉంటే ఆ రోజు వేరేగా నడిచేది. నాకు నవ్వు రాలేదు. "గట్టిగా రుద్దుకుని రా. వేలు తెల్లగా కనబడితే కాగితం ఇస్తాను" అన్నాను. ఆయన చేయి వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.

ఆయన వెనక ఉన్నతను తన చేతులు చూసుకున్నాడు. అతని వెనకామె తన చేతులు చూసుకుంది. వరుస వెనక నుంచి విడిపోతూ వచ్చింది. రంగు పని లేని, చేతులు తెల్లగా ఉన్న మగ్గం పనివాళ్లు కూడా వాళ్లతోనే వెళ్లిపోయారు. పోతూ ఒకామె, "రాత్రి గడి బువ్వ తిన్నరు గద, గిట్లనే చేస్తరు" అనడం నాకు వినబడింది.

ఆ తర్వాత గడి వైపు వాళ్లు వచ్చారు, తెల్లటి వేళ్లు చూపించారు, ముద్రలు గుద్ది పోయారు. అంతా సక్రమంగా, రూలు ప్రకారం జరిగింది. రూలు ప్రకారం జరిగే కొద్దీ నా చొక్కా చెమటతో తడిసిపోయింది. సగం ఊరు ఓటు వేయకపోతే రిపోర్టులో ఏం రాయాలి? రాసినా రాయకపోయినా నేను చేసింది ఏమిటి?

పదకొండింటికి జీపు వచ్చింది. పై ఆఫీసరు దిగకుండానే ఎంతమంది వేశారని అడిగాడు. నేను కిటికీ దగ్గర వంగి జరిగిందంతా చెప్పాను. ఆయన గాగుల్సు తుడుచుకుంటూ విన్నాడు. "ప్రిసైడింగ్ ఆఫీసరువు నువ్వు, నీ విచక్షణ ప్రకారం చూసుకో" అన్నాడు. ఆ మాట కాగితం మీద రాసిస్తారా అని అడగాలనిపించింది. అడిగే ధైర్యం లేదు. జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది.

లోపలికి వచ్చేసరికి దర్జీ బల్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి, అప్పుడు మెల్లగా చెప్పాడు.

"ఆయన ఎవలో మీకు ఎరుకలేదు సారూ. మొదటి ఓట్లప్పుడు జైల్ల ఉండె. అన్నం అడిగిన దళమోళ్లకు పెట్టినడని పోలీసోళ్లు తీస్కపోయిన్రు. రెండో ఓట్లప్పుడు లిస్టుల పేరు లేకపాయె. పేరు కోసం మూడుసార్లు తహసీలుకు నడిచిండు. గిదే ఆయనకు మొదటి ఓటు. డెబ్బై ఏండ్లు దాటినయి."

"ఆ సంగతి పొద్దున్నే చెప్పకపోయావా?" అన్నాను, తప్పు అతని మీదికి తోయాలని.

"చెప్తె వేలు తెల్లగైతుండెనా?" అన్నాడు.

మా గుమాస్తా పాన్ ఉమ్మి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "సార్, మిమ్మల్ని ఒకటి అడుగుతాను. సస్పెండయితే, రాత్రి మీరు చెప్పిన డ్రిల్లు మాస్టరు మాదిరి నాలుగు నెలలో ఆరు నెలలో మెట్ల మీద కూర్చుంటారు. ఆయన ఇంకో ఓటు వచ్చేదాకా బతుకుతాడో లేదో" అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినందుకు వచ్చే కోపం అది, ఎక్కువసేపు నిలవలేదు.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు ముసలాయన ఒక్కడే తిరిగి వచ్చాడు. ఎడమ చేతికి తడి గుడ్డ చుట్టుకున్నాడు. నా బల్ల ముందు నిలబడి గుడ్డ విప్పాడు. తొమ్మిది వేళ్లు నల్లగానే ఉన్నాయి. చూపుడువేలు మాత్రం ఎర్రగా ఉంది. కుండ పెంకుతో, ఇసుకతో, సున్నంతో పొద్దుటి నుంచి రుద్దాడట. చర్మం లేచిపోయి, గోరు పక్కన నెత్తురు కారుతోంది.

"తెల్లగైతె కాలేదు సారూ. నల్లగ గూడ లేదు. సూడుండ్రి" అన్నాడు.

నేను ఏదైనా అనేలోగా గడి ఏజెంటు పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. "గిది సూడుండ్రి సార్. మచ్చ చెరిపేసుకున్నోనికి కాగితం ఇయ్యొద్దని గీడ రాసి ఉంది. గీయన రుద్దుకున్నట్టు కండ్ల ముంగటనే కనబడుతున్నది."

ఆ పేజీ చూడవలసిన పని నాకు లేదు, కంఠతా వచ్చు. పొద్దున మచ్చ ఉందని పంపించాను, ఇప్పుడు మచ్చ చెరిపాడని పంపించాలి. రెండుసార్లూ రూలు నా వైపే ఉంది. ముసలాయన ఆ పుస్తకం వంక చూడలేదు, నా మొహం వంకే చూస్తున్నాడు.

"రుద్దుకొని రమ్మని మీరే అంటిరి గద సారూ" అన్నాడు.

నాకు అంత సిగ్గు ఎప్పుడూ కలగలేదు. కలం తీశాను. పోలింగు రోజు జరిగింది జరిగినట్టు రాసే డైరీ తెరిచాను. ఈ ఊరి నేతవాళ్ల చేతులకు ఉన్నది నూలు రంగు అని, పది వేళ్లకూ ఉందని, అది ఎన్నికల సిరా కాదని నేను స్వయంగా చూసి నిర్ణయించానని రాశాను. ఈ ఓటరు వేలు రుద్దుకున్నది నేను చెప్పినందువల్లనేనని, అలా చెప్పడం నా తప్పని రాశాను. సంతకం పెట్టి, పైకి చదివాను.

"రాసిస్తారా అన్నారు కదా, రాసిచ్చాను" అన్నాను ఏజెంటుతో.

ఆయన నవ్వు తగ్గలేదు. "మంచిది సార్. ఇగ వాళ్లందర్నీ పిలుస్తరు. నల్ల వేలు మీద మీరు సిరా పెడితె ఏం కనబడ్తది? ఒక్కొక్కడు మూడు మూడు పేర్ల మీద వచ్చి వేస్తె ఎట్ల పట్టుకుంటరు?"

చెప్పొద్దూ, అది న్యాయమైన ప్రశ్నే. నల్లటి వేలి మీద నల్లటి సిరా కనబడదు. నా పుస్తకంలో దానికి జవాబు లేదు. నేను గుమాస్తా వంక చూశాను, గుమాస్తా దర్జీ వంక చూశాడు.

జవాబు ముసలాయనే చెప్పాడు. "ఓటేసినోళ్లం ఇంటికి పోము. పెట్టె కట్టి సీలు ఏసేదాంక గీడనే కూసుంటం, అందరి కండ్ల ముంగట. కూసున్నోడు లేచి మల్ల వరుసల నిలబడితె అప్పుడు పట్టుకోండ్రి."

నేను ఏజెంటు వంక చూశాను. ఆయన తల ఊపి, "అందరు కూసోవాలె, ఒక్కరు తగ్గొద్దు" అన్నాడు. అంతమంది అంతసేపు కూర్చోరని ఆయన ధీమా.

అప్పుడు సిరా సీసా తీశాను. ఆ వేలు చూస్తే పుల్ల ఆనించడానికి మనసు రాలేదు. "ఇంకో వేలు పెట్టు తాతా, ఇది మండుతుంది. ఇంకో వేలికి పెట్టానని రాసుకుంటాను" అన్నాను.

"గీ వేలుకే పెట్టుండ్రి సారూ. పొద్దుగాల గీ వేలు మీదనే గద, లేని మచ్చ సూస్తిరి" అన్నాడు.

పెట్టాను. ఆయన చేయి వెనక్కి తీయలేదు, పళ్లు మాత్రం బిగించాడు. అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకు ఒకటి, రెండు కాగితాలు తీసుకుని చాటుకు వెళ్లాడు. చాలాసేపు రాలేదు. ముద్ర తప్పుగా గుద్దుతున్నాడేమో, కాగితం చించుకున్నాడేమో అని నేను చస్తున్నాను. బయటికి వచ్చి, మడతలు పెట్టెల్లో వేసి, వాటికి చెవి ఆనించి విన్నాడు. "పడ్డదా సారూ?" అని అడిగాడు. పడిందన్నాను.

ఆయన బయటికి పోయి, బడి నుంచి దూరంగా కానిస్టేబుల్ వేసిన సున్నం గీత అవతల ఎండలో కూర్చున్నాడు. దర్జీ పోయి సాలెవాడకు కబురు చెప్పి వచ్చాడు. కొంతసేపటికి వాళ్లు వచ్చారు. ఓటు వేసిన వాళ్లు వేసినట్టే పోయి గీత అవతల కూర్చున్నారు. మొదట ముసలాయన ఒక్కడు, తర్వాత పదిమంది, తర్వాత వీధి మొత్తం. మాఘమాసమే గాని ఎండ చురుక్కుమంటోంది. నీడకు అక్కడ ఒక తుమ్మ చెట్టు కూడా లేదు.

ఆ మధ్యాహ్నం ఎట్లా గడిచిందో నాకే తెలుసు. పావుగంటకోసారి కిటికీలో నుంచి తలలు లెక్కపెట్టాను. ఒకరు తగ్గితే నా ఉద్యోగం, వాళ్ల మాట రెండూ పోతాయి. ఒకసారి ఎవరిదో దూడ పలుపు తెంచుకుని వీధిలో పరిగెత్తితే పదిమంది సగం లేచి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మళ్లీ కూర్చున్నారు. దూడ తన దారిన పోయింది. ఇంకోసారి ఒక బాలింత లేచింది. గడి ఏజెంటు గుమ్మంలోకి వచ్చి, "లేస్తున్నరు, లేస్తున్నరు" అన్నాడు. పక్కనున్న అత్త కోడలిని చేయి పట్టి కూర్చోబెట్టి, ఓటు లేని పదేళ్ల ఆడపిల్లను కేకేసి పసివాణ్ని అక్కడికే తెప్పించింది. ఆ తల్లి కొంగు కప్పుకుని ఎండలోనే పాలిచ్చింది. ఏజెంటు లోపలికి వచ్చి పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాడు.

పొద్దు వాలాక పెట్టెలు మూశాం. లక్క కరిగించి, డ్రిల్లు మాస్టరును తలుచుకుని, సీళ్లు రెండేసి సార్లు వేశాను. నేను బయటికి వచ్చి అయిపోయిందని చేయి ఊపగానే వాళ్లు లేచారు. మోకాళ్లు పట్టేసినవాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. ఎవరూ జై కొట్టలేదు, నా వంక చూడనూ లేదు. నడక తొందర తొందరగా ఉంది. ఇంత తొందర ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున పెట్టెలు బండిలో పెట్టుకుని సాలెవాడ మీదుగా పోతుంటే తెలిసింది. ప్రతి ఇంటి ముందు కంచెల మీద నూలు చిలపలు, కట్టలు కట్టలుగా, ఆరేసి ఉన్నాయి. ఎర్రగా ఉండవలసిన నూలు మచ్చలు మచ్చలుగా, కొన్నిచోట్ల గోధుమరంగుగా, కొన్నిచోట్ల మాడినట్టు ఉంది. ముందు రోజు పొద్దున నేను పంపించేసిన తర్వాత వాళ్లు పోయి కాగులు పొయ్యి మీద పెట్టుకున్నారు. మధ్యాహ్నం కబురు రాగానే వదిలేసి వచ్చారు. కాగులో నూలును వేళకు తిప్పాలి, వేళకు తీయాలి. ఇళ్ల దగ్గరున్న పిల్లలకు ఆ కాగులు ఎత్తవశం కాదు. వారాల తరబడి నూనెలో, బూడిద నీళ్లలో నానేసి ఎండబెట్టిన నూలు అది. నేను లెక్కపెట్టిన ప్రతి తలకూ ఆ కంచె మీద ఒక చిలప ఉన్నట్టు అనిపించింది.

ముసలాయన తన గుమ్మం ముందు కూర్చుని, పాడైన నూలు చిక్కు విప్పుతున్నాడు. వేలికి గుడ్డ ఉంది. నేను బండి ఆపించి దిగాను.

"నూలంతా పోయింది కదా తాతా. నా వల్లనే" అన్నాను. కాదు సారూ అంటాడని ఆశపడ్డాను. ఆ మాట దాచుకోను.

"మీ వల్లనే" అన్నాడు. కోపంగా అనలేదు, ఉన్న సంగతి చెప్పినట్టు అన్నాడు. కాసేపు నూలు విప్పుకున్నాడు. తర్వాత తలెత్తి, "మల్లోసారి ఓట్లకు గూడ మీరే వస్తరా సారూ?" అని అడిగాడు.

ఎందుకు తాతా, ఇంత చేశాక కూడానా అన్నాను.

"మీకిప్పుడు తెలిసిపోయింది గద, గిది రంగని. కొత్త సారు వస్తె మల్ల మొదటికెల్లి చెప్పాలె."

నాకు సస్పెన్షను రాలేదు. డైరీలో అనవసరమైన విషయాలు రాసినందుకు సంజాయిషీ అడుగుతూ ఒక మెమో వచ్చింది, తర్వాత అచ్చంపేట దగ్గర ఒక బడికి బదిలీ వచ్చింది. ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచారో అందరికీ తెలిసినట్టే నాకూ తెలిసింది, దాని సంగతి ఇక్కడ అనవసరం. తర్వాత ఎన్నో ఎన్నికలు చేశాను. ప్రతిసారీ ఆర్డరు విప్పుతూ ఆ ఊరి పేరు ఉందేమోనని వెతికాను. ఒక్కసారీ వేయలేదు. ఆ ముసలాయన ఇంకో ఓటు వేశాడో లేదో నాకు తెలియదు. వేసి ఉంటే, కొత్త సారుకు మళ్లీ మొదటి నుంచి చెప్పుకునే వేసి ఉంటాడు.

ఆ పిల్లలు టీ తాగి పోయేటప్పుడు, తమకు ఏ ఊరు వేస్తారో ఏమో అని గొణుక్కున్నారు. మీలో ఎవరికైనా చిట్యాల అవతల, కంచెల మీద ఎర్ర నూలు ఆరేసే ఊరు పడితే, ముందు నిలబడ్డ మనిషి నల్లటి చేయి చాపితే, కడుక్కుని రమ్మని పంపకండి. అది రంగు. నేను చూశాను, రాసి సంతకం పెట్టాను.